హైదరాబాద్ నుండి చికాగో ఎంత దూరం?

పై చదువుకు అమెరికా పోతున్నామని ఊళ్ళో చెప్పగానే మొట్టమొదట వచ్చే ప్రశ్న "ఎంత దూరం బిడ్డా?" అనేదే. కోర్సు సంగతి, కాలేజీ సంగతి తర్వాత. ఆ వెంటనే "ఎన్ని గంటలు పడ్తది?" అని అడుగుతారు. మూడో ప్రశ్న ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ పైకి అడగరు. రేపు మాకేమన్నా అయితే ఎంతసేపట్ల వస్తవు అనేదే ఆ ప్రశ్న. మన హాస్టల్ నుండి వెళ్ళిన అన్నలు, అక్కలు చాలామంది ఈ మూడింటికీ కలిపి "ఒక్క రోజే అమ్మా" అని చెప్పి విమానం ఎక్కారు.

ఆ ఒక్క రోజు అనే మాట ఎంతవరకు నిజమో లెక్క కట్టి చూద్దామని మాకు అనిపించింది. ఉస్మానియాలో భూగోళ శాస్త్రం పి.జి. చదువుతున్నందువల్ల గది మిత్రులు ఇటువంటి లెక్కలు మా దగ్గరికే తెస్తారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు వార్షికోత్సవ సంచికలో రాస్తే వచ్చే ఏడు వెళ్ళబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా పనికి వస్తుంది కదా.

ఉదాహరణకు చికాగో నగరాన్ని తీసుకున్నాము. దానికి కారణం ఉంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా సంస్థ హైదరాబాద్ నుండి చికాగోకు మధ్యలో ఎక్కడా దిగని విమానాన్ని మొదలుపెట్టింది. మన నగరం నుండి అమెరికాకు నేరుగా ఎగిరిన మొదటి సర్వీసు అదే. అది ఎక్కువ కాలం నడవలేదు. అయినా రెండు నగరాల మధ్య దూరం తెలుసుకోవడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

గ్లోబు మీద దారం

తరగతి గది గోడకు తగిలించిన ప్రపంచ పటం ముందు నిలబడి హైదరాబాద్ నుండి చికాగోకు స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత అరేబియా సముద్రం దాటి, అరబ్బు దేశాల మీదుగా, సహారా ఎడారి మీదుగా పోయి, అట్లాంటిక్ సముద్రం దాటి అమెరికా చేరుతుంది. అంటే విమానం పడమరకు పోతుందని అనుకుంటాము. ఊళ్ళో కూడా అమెరికా ఎటు దిక్కు అంటే అందరూ పొద్దు గూకే దిక్కే చూపిస్తారు.

ఇప్పుడు గ్లోబు తీసుకోండి. హైదరాబాద్ మీద ఒక వేలు, చికాగో మీద ఒక వేలు పెట్టి మధ్యలో దారాన్ని బిగించి పట్టండి. దారం పడమరకు పోదు. నేరుగా ఉత్తరానికి, కొద్దిగా ఎడమకు వంగి పోతుంది. ఢిల్లీకి పక్కగా సాగి, హిమాలయాలు, మధ్య ఆసియా, రష్యా దాటి, ఉత్తర ధ్రువ సముద్రంలో సుమారు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అక్కడి నుండి కెనడా మీదుగా కిందికి దిగుతుంది. భూగోళ శాస్త్రంలో దీన్ని గ్రేట్ సర్కిల్ దారి అంటారు. గుండ్రటి వస్తువు మీద రెండు చోట్ల మధ్య ఇదే అన్నింటికన్నా దగ్గరి దారి.

పటం అబద్ధం ఎందుకు చెప్పింది? గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. నారింజ తొక్కను బల్ల మీద పరిచి చూస్తే ఇది తెలుస్తుంది. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడ నడిపేవాళ్ళ కోసం గీసిన పద్ధతినే చాలా గోడ పటాలు వాడుతూ వచ్చాయి. అందులో దిక్కులు సరిగ్గా ఉంటాయి గాని, ధ్రువాల దగ్గరికి పోయిన కొద్దీ భూమి విపరీతంగా సాగుతుంది. ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది.

దారంతోనే దూరం కూడా కొలవవచ్చు. 30 సెం.మీ. వ్యాసం ఉన్న గ్లోబు చుట్టుకొలత సుమారు 94 సెం.మీ. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. కాబట్టి గ్లోబు మీద 1 సెం.మీ. అంటే నేల మీద సుమారు 425 కి.మీ. హైదరాబాద్ నుండి చికాగోకు దారం 31 సెం.మీ. పైన కొద్దిగా వస్తుంది. గుణిస్తే 13,200, 13,300 మధ్య తేలుతుంది.

లెక్కల విద్యార్థులకు దారంతో తృప్తి కలగదని తెలుసు. వారి కోసం సూత్రం కూడా చెబుతాము. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. చికాగోలోని ఓహేర్ విమానాశ్రయం 41.98 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 87.90 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. ఒకటి తూర్పు, ఒకటి పశ్చిమం కాబట్టి రేఖాంశాలను కలిపితే తేడా 166.33 డిగ్రీలు. ముందుగా రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించి పక్కన పెట్టుకోవాలి. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్ విలువలను, రేఖాంశాల తేడా కొసైన్‌ను గుణించి దానికి కలపాలి. వచ్చిన సంఖ్య మనకు కావలసిన కోణానికి కొసైన్ అవుతుంది. ఇక్కడ అది మైనస్ 0.49 వస్తుంది, కోణం 119.45 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున గుణిస్తే సుమారు 13,280 కి.మీ. దారం చెప్పింది కూడా దాదాపు ఇదే.

అదే గోడ పటం మీది గీత వెంట పోతే ఎంత అవుతుందో కూడా లెక్క కట్టాము. 16,100 కి.మీ. వచ్చింది. అంటే 2,800 కి.మీ. అదనం. హైదరాబాద్ నుండి దుబాయి దూరం కన్నా ఎక్కువ.

డిగ్రీకి 111 కి.మీ. అని ఇంత సులువుగా రాస్తున్నాము గాని, ఆ సంఖ్యను నేల మీద కొలిచి తేల్చడానికి తరాలు పట్టింది. మన దేశంలో ఆ పనిని 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టాడు. 78వ రేఖాంశాన్ని పట్టుకొని దక్షిణం నుండి ఉత్తరానికి కొలుచుకుంటూ నిజాం రాజ్యం మీదుగానే పోయారు. హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు పోతుంటే మనం చూసే సర్వే ఆఫ్ ఇండియా వారికి అది వారసత్వం. అర టన్ను బరువుండే కోణమాపక యంత్రాన్ని కొండల మీదికి, గుడి గోపురాల మీదికి మనుషులు మోశారు. ఆ పనిలో చేరిన జార్జ్ ఎవరెస్టు పేరు ప్రపంచంలోనే ఎత్తైన శిఖరానికి పెట్టారు. మోసినవాళ్ళ పేరు ఏ గుట్టకూ పెట్టలేదు.

గంటల లెక్క

దూరం తేలింది. పెద్ద ప్రయాణికుల విమానం పైకి చేరాక గంటకు సుమారు 900 కి.మీ. వేగంతో పోతుంది. 13,280ని 900తో భాగిస్తే పద్నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలు. కాని 2021లో హైదరాబాద్ నుండి చికాగోకు ఎగిరిన విమానానికి పదహారు గంటలు దాటి పట్టేది. మిగతా సమయం ఎక్కడ పోయింది?

కొంత విమానం రన్‌వే మీదికి నడవడానికి, పైకెక్కడానికి, దిగడానికి పోతుంది. కొంత చుట్టుదారులకు పోతుంది. మిగతాది గాలి తింటుంది. గాలి సంగతి చెప్పే ముందు ఊళ్ళలో పెద్దవాళ్ళు అడిగే ఒక మంచి ప్రశ్నకు జవాబు చెప్పాలి. "భూమి తిరుగుతనే ఉంటది కదా, విమానం పైకి లేచి ఊకె నిలబడితే అమెరికా దానంతటదే కిందికి రాదా?" అని. నవ్వవలసిన ప్రశ్న కాదిది. పూర్వం పండితులు కూడా ఇదే వాదన చేసి భూమి తిరగడం లేదన్నారు.

జవాబు బస్సులోని ఈగ దగ్గర ఉంది. తార్నాకలో బస్సులోకి దూరిన ఈగ కండక్టరు తల చుట్టూ ఎగురుతూనే సికింద్రాబాద్ చేరుతుంది. బస్సు ముందుకు పోయి ఈగ వెనక అద్దానికి కొట్టుకోదు. ఎందుకంటే బస్సులోని గాలి కూడా బస్సుతోనే పోతోంది, ఈగ ఆ గాలిలో ఎగురుతోంది. భూమి చుట్టూ ఉన్న గాలి కూడా అలాగే భూమితో పాటు తిరుగుతుంది. విమానం ఆ గాలిలో ఈగ వంటిది.

అయితే భూమితో పాటు తిరిగే ఆ గాలి అంతా ఒకే వేగంతో తిరగదు. మన తలల మీద 9 నుండి 12 కి.మీ. ఎత్తున, ముఖ్యంగా ఉత్తరాది దేశాల మీదుగా, పడమర నుండి తూర్పుకు ఒక గాలి నది ప్రవహిస్తూ ఉంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో గంటకు 200 కి.మీ. దాటి వీస్తుంది. జపాన్‌లో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త 1920లలోనే బెలూన్లు వదిలి దీన్ని కనిపెట్టాడు. అందరికీ అర్థం కావాలని ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించాడు. అందువల్లనే చాలామందికి తెలియకుండా పోయింది! రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి పోయిన అమెరికా బాంబర్లు ఆ గాలికి ఎదురెళ్ళి కదలలేకపోయినప్పుడు గాని మిగతా ప్రపంచానికి దాని బలం తెలియలేదు. బెలూన్లంటే గుర్తుకొచ్చింది, మనకు దగ్గరలోనే, ఈసీఐఎల్ వద్ద టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. పరిశోధన పరికరాలను విమానాల కన్నా చాలా పైకి పంపుతారు. ఆసక్తి ఉన్న సైన్సు విద్యార్థులు తెలుసుకోదగిన చోటు.

ఈ గాలి వల్ల అమెరికా పోయేటప్పుడు ఎదురీత, వచ్చేటప్పుడు వాలు. దుబాయి నుండి చికాగో దూరం 11,640 కి.మీ. పోయే విమానానికి సుమారు 16 గంటలు, అదే దారిలో వచ్చే విమానానికి పదమూడున్నర నుండి పద్నాలుగు గంటలు పడుతుంది. దూరం ఒకటే, తేడా రెండు గంటలు దాటి. కాబట్టి "ఎన్ని గంటలు?" అని ఎవరైనా అడిగితే పోవడానికా, రావడానికా అని తిరిగి అడగాలి.

మధ్యలో దిగితే ఎంత నష్టం?

నేరు విమానం లేనప్పుడు దుబాయి, దోహా, అబుదాబి, లండన్, ఢిల్లీ వంటి చోట దిగి మారాలి. మధ్యలో దిగితే దూరం చాలా పెరుగుతుందని మనవాళ్ళ భయం. లెక్క చూడండి. హైదరాబాద్ నుండి దుబాయి 2,550, అక్కడి నుండి చికాగో 11,640, మొత్తం సుమారు 14,190 కి.మీ. నేరు దారి కన్నా 900 కి.మీ. ఎక్కువ, అంటే ఒక గంట ప్రయాణం. లండన్ మీదుగా పోతే 14,090. ఢిల్లీ మీదుగా పోతే మరీ విచిత్రం. పెరిగేది పది కిలోమీటర్ల లోపే! ఢిల్లీ ఆ దారం పక్కనే ఉందని ముందే చెప్పుకున్నాము.

పైగా మధ్యలో దిగడం వల్ల విమానానికి లాభం కూడా ఉంది. పదహారు గంటలు ఆగకుండా ఎగరాలంటే ఆ పదహారు గంటల ఇంధనమూ మొదట్లోనే ఎత్తుకోవాలి. చివరి గంటలో మండే ఇంధనాన్ని మోయడానికి ముందు పదిహేను గంటలూ అదనపు ఇంధనం మండించాలి. సద్దిమూట బరువుకే ఆకలి పెరిగినట్టు. అందువల్ల దూరపు నేరు విమానాలు నడపడం ఖరీదైన పని. విమానాలకు అంత శక్తి లేక కాదు. 2005 నవంబరులో బోయింగ్ 777 ఒకటి హాంకాంగ్ నుండి లండన్‌కు తూర్పు దిక్కుగా పసిఫిక్, అట్లాంటిక్ రెండూ దాటి, 22 గంటల 42 నిమిషాలు ఆగకుండా ఎగిరింది. 21,602 కి.మీ.! శక్తి ఉండడం వేరు, టికెట్టు మనకు అందే ధరలో ఉండడం వేరు.

గ్లోబు మీద దారం ఎక్కడినుండైనా పోతుంది, విమానం అలా పోలేదు. కింద ఉన్న దేశం ఒప్పుకోవాలి. యుక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో అమెరికా, ఐరోపా సంస్థల విమానాలకు రష్యా ఆకాశం మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన దేశ విమాన సంస్థలకు తన ఆకాశం మూసింది. దానితో ఢిల్లీ నుండి అమెరికా పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నా, కోపెన్‌హేగెన్ వంటి చోట ఇంధనానికి దిగవలసి వచ్చింది. నగరాల మధ్య దూరం ఒక్క కిలోమీటరు మారలేదు, ప్రయాణం మాత్రం గంటల కొద్దీ పెరిగింది. తార్నాక అన్న పేరే తీగలు కట్టిన నాకా నుండి వచ్చిందంటారు. ఆకాశంలోనూ నాకాలు ఉన్నాయి.

దూరం పెరగకపోయినా మధ్య విమానాశ్రయంలో కూర్చునే గంటలు ఉంటాయి. అసలు సమయం పోయేది అక్కడే. రెండు గంటలున్న టికెట్టూ దొరుకుతుంది, పద్నాలుగు గంటలున్నదీ దొరుకుతుంది. పద్నాలుగు గంటలది చవక. మన పిల్లలు సహజంగా అదే కొంటారు, తప్పు లేదు. కాని రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొన్న రెండు టికెట్లలో మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ పూచీ పడరు, మళ్ళీ కొనుక్కోవాలి. కొన్ని దేశాల మీదుగా పోతే విమానాశ్రయం దాటకపోయినా ట్రాన్సిట్ వీసా అడుగుతారు. ఇవి రెండూ చూసుకున్నాకే ధర చూడాలి.

టికెట్టు చదవడం

టికెట్టు మీద ప్రతి ఊరికీ ఆ ఊరి గడియారమే రాస్తారు. ఇది తెలియకపోతే లెక్క తలకిందులవుతుంది. ఉదాహరణకు చలికాలంలో ఒక టికెట్టు ఇలా ఉందనుకోండి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి దుబాయిలో 6.30కు దిగుతుంది. అక్కడ 9.30కు బయలుదేరి అదే రోజు మధ్యాహ్నం 3.30కు చికాగోలో దిగుతుంది. చూడడానికి పదకొండున్నర గంటల ప్రయాణం. నిజానికి చికాగో గడియారం చలికాలంలో మన కన్నా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. రెండూ కలిపితే 23 గంటలు. అందులో గాలిలో ఉన్నది 20 గంటలు, దుబాయిలో కూర్చున్నది 3 గంటలు.

రాక ఇంకో రకం. చికాగోలో శుక్రవారం రాత్రి 8.30కు ఎక్కితే దుబాయిలో శనివారం రాత్రి 8 గంటలకు దిగుతారు. పది గంటలకు మళ్ళీ ఎక్కితే శంషాబాద్‌లో దిగేసరికి ఆదివారం తెల్లవారుజామున 2.45. శుక్రవారం నుండి ఆదివారం! ఇంట్లో వాళ్ళు రెండు రోజుల ప్రయాణమని కంగారు పడతారు. నిజంగా పట్టింది 18 గంటల 45 నిమిషాలు. టికెట్టు మీద చేరే సమయం పక్కన +1, +2 అని చిన్నగా ఉంటుంది, మరుసటి రోజు, ఆ మరుసటి రోజు అని అర్థం. విమానాశ్రయానికి తీసుకపోవడానికి వచ్చే తమ్ముడికి ఆ అంకె తప్పక చెప్పాలి. ఇంకొకటి, తెల్లవారుజామున 4 గంటల విమానం అంటే ముందు రోజు రాత్రి హాస్టల్ నుండి కదలాలి. తార్నాక నుండి శంషాబాద్ సుమారు 35 కి.మీ., అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. 15వ తేదీ టికెట్టుకు 14వ తేదీ రాత్రి అన్నం తిని బయలుదేరాలన్న మాట.

మట్టికి అందడం

ఇంతవరకు చెప్పినది విమానం లెక్క. అడగకుండా ఉండిపోయే మూడో ప్రశ్నకు ఇది జవాబు కాదు.

మన హాస్టల్‌లో చదివి అమెరికా వెళ్ళిన ఒక అన్న తన లెక్కను మాకు చెప్పాడు. పేరు రాయవద్దన్నాడు. ఊరు ఆదిలాబాద్ దాటి. గురువారం రాత్రి 8 గంటలకు, అంటే ఇక్కడ శుక్రవారం ఉదయం ఏడున్నరకు, నాయన పోయిండని ఫోను వచ్చింది. ఆ రాత్రి విమానం అరగంటలో ఉంది, అందదు. తెల్లవారి ఇంకో పని కూడా ఉంది. ఎఫ్-1 వీసా మీద చదివేవారు దేశం దాటి మళ్ళీ లోపలికి రావాలంటే ఐ-20 కాగితం మీద కాలేజీ అధికారి ప్రయాణ సంతకం ఉండాలి. ఆయన దాని మీది సంతకానికి గడువు దాటిపోయింది. ఆఫీసు తెరిచాక సంతకం తీసుకొని, శుక్రవారం రాత్రి 8.30కు ఎక్కాడు. ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాడు. ఇమిగ్రేషన్ దాటి, కారు మాట్లాడుకొని, మూడు వందల కిలోమీటర్లు పైగా పోయి ఇంటి ముందు దిగేసరికి ఆదివారం పగలు పదకొండు.

కబురు అందిన ఘడియ నుండి 51 గంటల 30 నిమిషాలు. అందులో గాలిలో ఉన్నది పదిహేడు గంటల లోపు. మిగతా 34 గంటల పైచిలుకు విమానం కోసం, సంతకం కోసం, లైన్లలో, రోడ్డు మీద పోయింది.

ఇంట్లో వాళ్ళకు ఆయన వెళ్ళేటప్పుడు చెప్పిన మాట "ఒక్క రోజే". దాన్నే నమ్మి శుక్రవారం మొత్తం ఐస్ పెట్టి ఆగారు. శనివారం పొద్దుటికి ఇక ఆగలేమని పెద్దలు అన్నారు. మధ్యాహ్నం చిన్న తమ్ముని చేత కార్యం చేయించారు. ఆయన మట్టికి అందలేదు. "నిజం లెక్క ముందే చెప్పి ఉంటే వాళ్ళు ఒక రోజంతా వాకిట్లో కూర్చొని దారి చూసేవాళ్ళు కాదు, నేను రాకముందే చేయమని నేనే చెప్పేవాణ్ణి" అన్నాడు. ఈ వ్యాసం రాయాలని మేము అనుకున్నది ఆ మాట విన్నాకనే.

దూరం తక్కువైనంత మాత్రాన అందుతామని కూడా లేదు. అంబేడ్కర్ గారి తండ్రి రాంజీ 1913 ఫిబ్రవరిలో బొంబాయిలో చివరి ఘడియల్లో ఉన్నప్పుడు ఆయన బరోడాలో ఉద్యోగంలో ఉన్నారు. మధ్య దూరం నాలుగు వందల కిలోమీటర్లు కూడా లేదు. నాయనకు మిఠాయి కొందామని సూరత్ స్టేషన్‌లో దిగితే రైలు వెళ్ళిపోయింది. ఇల్లు చేరేసరికి తండ్రి ఆఖరి శ్వాసలో ఉన్నారని జీవిత చరిత్రల్లో చదువుతాము. అదే సంవత్సరం బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద ఆయన ఓడలో బయలుదేరి జూలైలో న్యూయార్క్ చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ రోజుల్లో ఆ ప్రయాణం వారాల లెక్క. మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరి, 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. వారాలు ఇప్పుడు గంటలైనాయి, నిజమే. కాని ఆ గంటలు ఎవరికి వారు ముందే లెక్కబెట్టుకుంటేనే పనికి వస్తాయి.

మన పిల్లలకు విదేశీ చదువులకు ప్రభుత్వం ఇచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి పథకంలో విమాన ఛార్జీకి కూడా సాయం ఉంది. ఒకవైపు ఛార్జీకే. పోవడానికి ఇస్తారు, అర్ధంతరంగా రావలసి వస్తే మన డబ్బే. అప్పటికప్పుడు కొనే టికెట్టు మామూలు ధరకు దొరకదు. అందుకని అక్కడ పార్ట్ టైం పని దొరికిన మొదటి నెలల్లోనే రాక ఛార్జీ అంత సొమ్ము విడిగా వేసి, దాన్ని ముట్టుకోకుండా ఉండమని వెళ్ళిన అన్నలు చెబుతున్నారు. ఐ-20 మీద సంతకం సాధారణంగా ఏడాది చెల్లుతుంది, చదువు ముగించి ఓపీటీ మీద పని చేసేటప్పుడు ఆరు నెలలే. కాబట్టి ఊరికి వచ్చే ఆలోచన లేకపోయినా గడువు దాటకముందే కొత్త సంతకం పెట్టించుకోవాలి. వీసా గడువు ముగిసి ఉంటే వచ్చాక తిరిగి పోవడానికి ఇక్కడి కాన్సులేట్‌లో మళ్ళీ వేయించుకోవాలి, అది ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేము. ఊరికి రావాలా వద్దా అని ఆ అర్ధరాత్రి నిర్ణయించుకోవలసింది ఈ కాగితాలు చూసుకొనే.

బయలుదేరే ముందు ఒక సాయంత్రం ఇంట్లో కూర్చొని తమ ఊరి లెక్క తామే వేసుకోవడం మంచిది. విమానం గంటలకు ముందు రోజుకొక్కటే ఉండే సర్వీసు కోసం ఆగే గంటలు కలపాలి, శంషాబాద్ నుండి ఊరికి రోడ్డు కలపాలి. ఖమ్మం వారికి ఒకటి వస్తుంది, ఉట్నూరు వారికి ఇంకొకటి వస్తుంది. చికాగో నుండి అయితే అన్నీ కలిసి వచ్చినా ఒకటిన్నర రోజు, కలిసి రాకపోతే రెండున్నర. వచ్చిన అంకెను అమ్మకు, నాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

ఫోను సంగతి మిగిలింది. చికాగోలో నవంబరు మొదటి ఆదివారం నుండి మార్చి రెండో ఆదివారం దాకా చలికాలపు గడియారం. అప్పుడు మన సమయానికి అరగంట కలిపి పగలును రాత్రి, రాత్రిని పగలు చేసుకుంటే సరి. ఇక్కడ రాత్రి 8 అయితే అక్కడ పొద్దున 8.30. మిగతా నెలల్లో అరగంటకు బదులు గంటన్నర కలపాలి, పొద్దున 9.30 అవుతుంది. మెస్సులో రాత్రి భోజనం అయ్యాక చేస్తే వాళ్ళు క్లాసుకు పోయే ముందు దొరుకుతారు. ఊళ్ళో అమ్మ పొద్దున ఆరింటికి లేచి చేస్తే వాళ్ళకు ముందు రోజు సాయంత్రం.